నేనును అక్కడ నుంటిని

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచినది ఒక చిన్న పాటకచ్చేరిని గుఱించి. ఆ కచ్చేరి మన దేశమున జరిగినది కాదు. ఇంగ్లండు దేశమున, మాంచెస్టరు నగరమున, 1976వ సంవత్సరము జూను నెల 4వ తేదీ రాత్రి జరిగినది. టిక్కెట్టు వెల అర పౌను. వినవచ్చినవారు ఇంచుమించుగా 40 మంది. పాడినవారు నలుగురు పడుచువాండ్రు. లోకమున వారి నప్పటి కెఱిగినవారు మిక్కిలి తక్కువ. వారు పాడిరి, వినినవారు ఇండ్లకు పోయిరి. జరిగిన దింతియే.

ఇంత స్వల్పవిషయమునకు చరిత్ర యేమని మీరడుగవచ్చును. దీనిని చెప్పుటకు నాకు రెండు కారణములు కలవు. ఆ రాత్రి కూర్చుండి వినిన కొద్దిమందిలో పలువురు తరువాత తామే వాద్యబృందములు కట్టి ఇంగ్లండు దేశపు సంగీతమున క్రొత్త త్రోవ తీసిరి. ఇది మొదటి కారణము. ఆ నలువదిమందిలో తామును ఉంటిమని చెప్పుకొనువారు నేడు వేలకొలది కలరు. ఇది రెండవది. నలువదిమంది వేలమంది యెట్లైరి? వీరందఱు అబద్ధమాడుచున్నారా? సాక్షి యనగా నెవడు? చరిత్ర వ్రాయువారికి ఇది చిన్న ప్రశ్న కాదు. మన యిండ్లలోను ఈ ప్రశ్న కలదు. నా జీవితమున నొకసారి దీనికి తొందరపడి జవాబు చెప్పి నేను పొరపాటు చేసితిని. ఆ సంగతియు తరువాత విన్నవించెదను.

మాంచెస్టరు పేరు మీకు క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దమున మన బందరు రేవునుండి అద్దకపు గుడ్డలు, సన్నని నూలుబట్టలు పారసీక దేశమునకును, ఐరోపా ఖండమునకును ఓడలమీద పోవుచుండెడివి. రెండు వందల యేండ్లు గడచునప్పటికి గాలి తిరిగినది. మాంచెస్టరు చుట్టుపట్ల లాంకషైరు సీమలోని మరలయందు నేసిన గుడ్డ మన సంతలలో దిగినది. దానినే మన పెద్దలు సీమగుడ్డ యనిరి. సీమగుడ్డ చౌక, మగ్గపు గుడ్డ ప్రియము. పల్లెపల్లెను మగ్గము మూలబడినది. 1921 ప్రాంతమున వీధులలో రాశులు పోసి తగులబెట్టిన విదేశపు గుడ్డలలో లాంకషైరువి విస్తారముగా నుండెను. అయినను 1931వ సంవత్సరము సెప్టెంబరులో గాంధీమహాత్ముడు లాంకషైరునకు పోయినపుడు, పని పోయిన అచ్చటి మిల్లుకూలీలే ఆయనను ఆదరముతో పలుకరించిరి. బీదవాని కష్టము బీదవానికి తెలియును గదా.

కచ్చేరి జరిగిన భవనము పేరు ఫ్రీ ట్రేడ్ హాలు. అనగా స్వేచ్ఛావాణిజ్య మందిరము. అది నిలిచిన నేల రక్తము చిందిన నేల. 1819వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన ఆ మైదానమున సుమారు 60 వేలమంది కూడిరి. అంత పెద్ద పట్టణమునకు పార్లమెంటులో ప్రత్యేకముగా ఒక్క ప్రతినిధియైనను లేడు. మాకును వోటు కావలెనని అడుగుటకు వారు పిల్లలతోను, స్త్రీలతోను కలసి వచ్చిరి. అధికారులు గుఱ్ఱపుదండును వారిపైకి తోలిరి. పదునైదు మందికి మించి చనిపోయిరి, వందలకొలది గాయపడిరి. అంతకు నాలుగేండ్ల క్రిందట వాటర్లూ యుద్ధము జరిగియుండుటచే, దానిని దెప్పుచు దీనికి పీటర్లూ అని పేరు పెట్టిరి. ఆ మైదానముననే, విదేశధాన్యముపై సుంకము వేయు శాసనములు 1846లో రద్దయిన దానికి గుర్తుగా, 1853 మొదలు 1856 వఱకు ఈ రాతిమందిరమును కట్టిరి.

ఆ మందిరము చూచినన్ని సభలు తక్కిన భవనములు చూచి యుండవు. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా ప్రత్తి రాక లాంకషైరు మరలు నిలిచిపోయినవి, కూలీలు పస్తులుండిరి. మన దేశపు ప్రత్తికి ఆ దినములలోనే గిరాకి పెరిగినది. అంతటి కఱవులోను 1862 డిసెంబరు 31వ తేదీన ఆ పనివారు ఈ మందిరమున సభ చేసి, బానిసత్వమును తొలగించుటకై పోరాడు లింకను పక్షముననే తాము నిలిచెదమని తీర్మానించిరి. లింకను మఱుసటి జనవరిలో వారికి కృతజ్ఞతతో జాబు వ్రాసెను. 1905లో ఇచ్చటనే ఇద్దఱు స్త్రీలు లేచి, స్త్రీలకు వోటు హక్కు నిత్తురా యని రాజకీయ నాయకుల నడిగి, గెంటివేయబడి చెఱసాలకు పోయిరి. 1940 డిసెంబరులో జర్మనుల బాంబులకు మందిరము కాలినది, గోడలు నిలిచినవి. మరల కట్టి 1951లో తెఱచిరి. ఇట్టి మందిరములో మేడమీద నొక చిన్న హాలు కలదు. మన కథ ఆ చిన్న హాలులో జరిగినది.

1976 నాటికి మాంచెస్టరు వైభవము తీఱిపోయినది. ఒకప్పుడు లోకమున కంతటికి గుడ్డ పంపిన ఊరిలో మరలు మూతబడి, గిడ్డంగులు పాడుపడి యుండెను. దేశమున నిరుద్యోగులు పది లక్షలకు మించిరి. చదువు ముగించిన పడుచువారికి పని లేదు. వారి వినోదమునకు సంగీత మున్నది. కాని అదియు వారికి దూరమైనది. రాక్ అని యొక విధమైన పాట కలదు. విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారులు రెండు మూడు, పెద్ద డప్పులు, ఒక గాయకుడు. ఇంతే దాని సామగ్రి. మొదట అది బీదపిల్లల పాటయే. రానురాను లండనులోని పెద్ద రికార్డు కంపెనీల చేతిలో పడినది. ధనము, యంత్రములు, సంవత్సరముల సాధన లేనిదే రంగస్థల మెక్కరాదను భావము ప్రబలినది. వినువాడు వినుటకే, పాడువాడు పాడుటకే పుట్టినట్లు నడుమ గోడ లేచినది.

మాంచెస్టరు దగ్గఱ బోల్టను పట్టణపు కళాశాలలో ఇద్దఱు విద్యార్థులుండిరి. రంగస్థలమున వారు హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ యని పేరు పెట్టుకొనిరి. 1976 ఫిబ్రవరిలో వారొక సంగీత పత్రికలో లండను కుఱ్ఱవాండ్ర బృందమును గుఱించిన చిన్న వార్త చదివిరి. ఆ బృందము పేరు సెక్స్ పిస్టల్స్. పేరు వెగటుగా నున్నది. పెద్దలకు వెగటు కలుగవలెననియే వారట్లు పెట్టుకొనిరి. ఈ విద్యార్థు లిద్దఱు ఒక కారు సంపాదించి, దక్షిణమునకు పోయి, వరుసగా రెండు రాత్రులు వారి కచ్చేరులు వినిరి. విని, వారి నిర్వాహకుని కలసి, మా ఊరికి వచ్చి పాడుదురా యని యడిగిరి. మీరు హాలు చూచి పెట్టినచో వచ్చెదమని ఆతడనెను. కుఱ్ఱవాండ్రు చిన్న హాలును అద్దెకు తీసికొని, టిక్కెట్లు అచ్చువేయించి, ద్వారముకడ తామే కూర్చుండి డబ్బు వసూలు చేసిరి. మన ఊళ్లలో పౌరాణిక నాటకము తెప్పించుటకు పడుచువారు చందా పోగుచేసి, గ్యాసులైట్లు తెచ్చి, తామే గుంజలు పాతినట్లుగా, వారును చేసిరి.

తామును ఆ రాత్రియే మొదట పాడవలెనని వారు తలచిరి గాని బృందము పూర్తి కాలేదు. అందుచే మఱియొక బృందమును పిలిచిరి. ఇచ్చట నొక వింత జరిగినది. స్టీవ్ డిగిల్ అను యువకుడు, తానును ఒక బృందము కట్టవలెనను తలంపుతో, వేఱొక పరిచితుని కొఱకు హాలు బయట వేచియుండెను. నిర్వాహకుడు అతనిని చూచి, వీరు ఎదురు చూచుచున్న మనిషి యితడే యని పొరబడి లోనికి పిలిచికొనిపోయి షెల్లీతో కలిపెను. మాట కలిసినది. ఆ పొరపాటు వలననే డిగిల్ వారి బృందమున చేరెను. బజ్‌కాక్స్ అను నా బృందము ఆఱు వారములకు, జూలై 20వ తేదీన, అదే హాలులో లండను వారికి ముందుగా పాడినది. రెండవ కచ్చేరికి జనము మొదటిదానికంటె చాల హెచ్చుగా వచ్చిరి. ఈ రెండు కచ్చేరులును జనుల జ్ఞాపకములలో కలసిపోవుట గమనింప దగినది.

జూను 4వ తేదీ రాత్రి వినినవారు ఏమి వినిరి? ఆ వాద్యకులలో గొప్ప విద్వాంసు లెవరును లేరు. విననివారికి అది రొద. కాని కూర్చుండి వినిన పిల్లలకు ఒక్క తలంపు తోచినది: ఈ మాత్రము మేమును చేయగలము. సంగీతమును విని ఆనందించుట వేఱు. విని, లేచి, తానును చేయబూనుట వేఱు. పీటర్ హుక్ అను యువకుడు తన చిన్ననాటి స్నేహితుడు బెర్నార్డ్ సమ్నర్‌తో కలసి ఆ కచ్చేరికి వచ్చెను. మఱునాడే బజారుకు పోయి బేసు గిటారు కొనెను. వాయించుట అతనికి తెలియదు. కొనిన తరువాత నేర్చుకొనెను.

హాలు అద్దెకు తీసికొనిన ఆ విద్యార్థులే మఱియొక అడుగు వేసిరి. కంపెనీ వారిని ప్రార్థింపక, బంధుమిత్రుల యొద్ద 500 పౌనులు అప్పు తెచ్చి, 1976 డిసెంబరు చివర ఒక్క దినమున నాలుగు పాటలు రికార్డు చేయించిరి. 1977 జనవరిలో స్పైరల్ స్క్రాచ్ అను పేరుతో వేయి ప్రతులు తామే వెలువరించిరి. అట్టమీది బొమ్మను మాంచెస్టరు చౌకులోని రాబర్టు పీల్ విగ్రహము దాపున తీసిరి. ఆ పీల్ మంత్రియే 1846లో ధాన్యపు సుంకము రద్దు చేయించినవాడు. వేయి ప్రతులు చెల్లిపోయి, మరల మరల వేయవలసి వచ్చినది. ఇంగ్లండున ఆ తరపు బృందములలో తమ రికార్డును తామే అచ్చువేయించి అమ్మినవారిలో వీరు తొలివారు. ఈ పద్ధతికే తరువాత ఇండీ యని పేరు వచ్చినది. స్వతంత్ర మను అర్థము గల ఆంగ్లపదమును కుదించిన మాట యది. పెద్ద కంపెనీకి లోబడక, తన పాటకు తానే యజమానుడై యుండుట దాని అర్థము. 1980 జనవరి మొదలు ఇట్టి స్వతంత్ర రికార్డులకు ప్రత్యేకముగా వారవారము పట్టికయే వెలువడసాగెను. విచిత్ర మేమనగా, ఆ రాత్రి వేదిక మీద పాడిన లండను బృందము అదే యేడు అక్టోబరులో పెద్ద కంపెనీతోనే ఒడంబడిక చేసికొని, 1978 జనవరిలో విచ్ఛిన్నమైనది. స్వతంత్రమార్గము త్రొక్కినవారు వేదిక మీదివారు కారు, ఎదుట కూర్చున్నవారు.

హుక్, సమ్నర్ కట్టిన బృందమున ఇయాన్ కర్టిస్ అను గాయకుడు చేరెను. జాయ్ డివిజన్ అని దానికి పేరు. టోనీ విల్సన్ అను టెలివిజను ఉద్యోగి 1978లో ఫ్యాక్టరీ యను స్వతంత్ర సంస్థను స్నేహితులతో కలసి స్థాపించి, 1979లో వారి తొలి సంపుటమును వెలువరించెను. పాటలు పాడినవారివే, సంస్థకు వానిపై హక్కు లేదని ఆ సంస్థవారి నియమము. కర్టిస్ మూర్ఛరోగముతోను, మనోవ్యథతోను బాధపడి, 1980 మే 18వ తేదీన, అమెరికా ప్రయాణమునకు ముందటి దినమున, తన ప్రాణము తాను తీసికొనెను. అతనికి 23 ఏండ్లు. మిగిలినవారు పేరు మార్చి న్యూ ఆర్డర్ అను బృందమై ముందుకు నడచిరి. మార్క్ స్మిత్ అను శ్రోత ది ఫాల్ అను బృందమును కట్టి, 2018లో మరణించువఱకు విడువక నడపెను. మోరిసీ యను శ్రోత 1982లో ది స్మిత్స్ బృందమున గాయకుడై ఐదేండ్లలో దేశమంతట పేరు పొందెను. ఫ్యాక్టరీ సంస్థ మాత్రము లెక్కలు చూచుకొనక 1992లో దివాలా తీసినది. స్వాతంత్ర్యమునకు పద్దుపుస్తకము అడ్డు కాదని వారు గ్రహింపలేదు.

ఇక సాక్షుల విషయము. ఇంతమంది ప్రసిద్ధు లా రాత్రి శ్రోతలైయుండి రని తెలిసిన పిమ్మట, మేమును అక్కడ నుంటిమనువారు పెరిగిరి. డేవిడ్ నోలన్ అను పత్రికారచయిత ఈ విషయమును వెదకి, వచ్చినవారిని ఒక్కొక్కరిని పలుకరించి, 2001లో పుస్తకము ప్రకటించెను. 2002లో వచ్చిన యొక చలనచిత్రము ఆ సభను మరల కల్పించి చూపినది. ఫ్యాక్టరీ విల్సన్ తాను మొదటి కచ్చేరికే వచ్చితినని 2007లో మరణించువఱకు చెప్పెను. కాదు, రెండవదానికే వచ్చెనని కొందఱు వాదించిరి. రెండింటికి నడుమ ఆఱు వారములే. ఇరువది యేండ్ల తరువాత ఆ ఆఱు వారములను మనస్సు మ్రింగివేయుట వింత కాదు.

సాక్ష్యములను వేఱుచేసి చూడవలెను. నాటి టిక్కెట్టు అర పౌను వెలతో, తేదీతో నేటికిని కలదు. అది కచ్చేరిని స్థాపించును గాని, కూర్చున్నవారిని చెప్పదు. మోరిసీ అదే నెలలో ఒక సంగీత పత్రికకు ఆ కచ్చేరిని గుఱించి లేఖ వ్రాసెను, అది అచ్చైనది. అప్పటి కతడు పేరులేని పిల్లవాడు. వచ్చితినని చెప్పుకొనుటవలన అతనికి లాభము లేదు. కావున అది గట్టి సాక్ష్యము. ముప్పదియేండ్ల తరువాతి జ్ఞాపకము వీనిలో కడపటిది. అచ్చైన దంతయు నిజమనియు తలపరాదు. ఆ మందిరపు పెద్ద హాలులోనే 1966 మే 17వ తేదీన అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పాడుచుండగా, పాత పద్ధతి విడిచెనను కోపముతో శ్రోత యొకడు అతనిని యూదా యని కేకవేసెను. ఏసుక్రీస్తును పట్టియిచ్చిన శిష్యుని పేరది. ఆ కచ్చేరి రికార్డును దొంగచాటుగా అమ్మినవారు లండనులోని వేఱొక మందిరమున జరిగినట్లు దానిపై అచ్చువేసిరి. ఆ తప్పు పలు యేండ్లు నిలిచి, 1998లో కంపెనీవారు అధికారముగ ప్రకటించినపుడును శీర్షికలో వేళాకోళముగా మిగిలినది. ఆ కేక వేసినవానిగా ఇద్దఱు వేర్వేఱు మనుష్యులను చెప్పుదురు. కేక యొక్కటియే.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. మన దేవాలయముల రాతిశాసనములు ఒక తీరు సాక్ష్యము. గ్రామ కైఫీయతులు మఱియొక తీరు. కర్నలు కాలిన్ మెకంజీ, ఏలూరి కావలి వేంకట బొఱ్ఱయ్య, ఆతని తమ్ముడు లక్ష్మయ్య మున్నగువారి సాయముతో, 1821లో తాను మరణించువఱకు, ఊరూర కరణములు, పెద్దలు చెప్పిన వృత్తాంతములను వ్రాయించి కూర్చెను. కైఫీయతులో తాతలనాటి సంగతి నిన్నటి సంగతివలె నుండును. రాజుల వరుస తాఱుమాఱగును. శాసనమున తిథి వారములు సరిగా నుండును. కాని ఆ చెఱువు కట్టునాడు జనమేమనుకొనిరో అందుండదు. తిథి కొఱకు శాసనమును, మనసు కొఱకు కైఫీయతును చూడవలెను. ఒకదానిని పట్టుకొని రెండవదానిని పాఱవేయువాడు సగము చరిత్రనే పొందును.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను. 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘపు సమావేశము జరిగెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెనని, కోటి సభ్యులను చేర్పవలెనని, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించిన సభ యదియే. పింగళి వెంకయ్యగారు జాతీయ పతాకమును గాంధీగారికి సమర్పించినది అప్పుడే. మా నాయనగారు ఆ జనసమ్మర్దమున తాను తన తండ్రి భుజములపై కూర్చుండి మహాత్ముని చూచితినని చెప్పుచుండెడివారు. దుమ్ము, వేసవి యెండ, దూరమున తెల్లని చుక్కవలె మహాత్ముడు, తన కాళ్లను గట్టిగా పట్టుకొన్న తండ్రి చేతులు. ఇవన్నియు కన్నులకు కట్టినట్లు చెప్పెడివారు.

నేను బి. ఏ.లో చరిత్ర చదువుచుంటిని. అది యా 1976వ సంవత్సరమే. ఒకనాడు ఇంట పాతపెట్టెలో మా నాయనగారి జాతకము దొరకినది. దుందుభి నామ సంవత్సరమని యున్నది. బెజవాడ సభ రౌద్రి చివర జరిగినది. నడుమ దుర్మతి పూర్తిగా గడచినది. నేను లెక్క వేసితిని. ఆ సాయంకాలము మా అరుగుమీద నలుగురు పెద్దలు కూర్చుండి యుండగా నాయనగారు ఆ కథ నెత్తుకొనిరి. నేను జాతకము తెచ్చి, "నాన్నగారూ, మీ రప్పటికి పుట్టనే లేదు" అంటిని. ఎవరో నవ్విరి. నాయనగారు నన్ను చూచి, తలవంచుకొని, లోనికి పోయిరి. నన్నొక మాటయైన అనలేదు. కాని 1989లో కాలము చేయువఱకు ఆ కథను మరల చెప్పలేదు.

వారి కర్మలు ముగిసిన దినమున మా మేనత్త నాతో ఇట్లనెను: "ఒరే, సభకు పోయినది మా నాయన. చూచివచ్చి పదేండ్లు చెప్పినాడు. చెప్పినప్పుడెల్ల మీ నాయనను భుజముల మీద కెత్తుకొని, ఇదిగో ఇంత జనము, అదుగో అక్కడ గాంధీ అని వీధి చివరకు చూపెడివాడు." నేను విని మౌనముగా కూర్చుంటిని. భుజములు నిజము. కాళ్లను పట్టుకొన్న చేతులు నిజము. తేదీ యొక్కటియే నిజము కాదు. నేను తేదీని దిద్దితిని. దానితో మా తాతగారి సాక్ష్యమును గూడ పోగొట్టితిని. ఇంకను పది సంగతులు అడిగియున్నచో తెలిసెడివి. అడుగుటకు బదులు నోరు మూయించితిని.

కొన్ని యేండ్ల క్రిందట, మాంచెస్టరున ఉద్యోగము చేయు మా అబ్బాయి యింట కొంతకాల ముంటిని. ఫ్రీ ట్రేడ్ హాలును చూడబోతిని. 1996లో అందు కచ్చేరులు నిలిచిపోయినవి. 2004 నుండి అది పెద్ద హోటలు. వీథివైపు రాతిముఖము మాత్రము పూర్వమువలెనే యున్నది. గోడమీద పీటర్లూను తెలుపు ఫలకము కలదు. మా అబ్బాయికి జాయ్ డివిజన్ పాటలు ప్రాణము. న్యూ ఆర్డరును 2007లో విడిచిన పీటర్ హుక్ 2010 మొదలు తన క్రొత్త బృందముతో ఆ పాటలనే పాడుచుండెను. ఆతని కచ్చేరి యున్నదని మా అబ్బాయి టిక్కెట్లు కొని నన్ను తోడుకొనిపోయెను.

అచ్చట కుర్చీలు లేవు, అందఱును నిలుచుండవలెను. మొదటి పాట మొదలిడగానే ధ్వని చెవులలో గాక ఱొమ్ములో మ్రోగినది. నాకు భయము వేసి మా అబ్బాయి చేయి పట్టుకొంటిని. క్రమముగా అలవాటైనది. హుక్ గిటారును మోకాళ్ల దాక వ్రేలాడదీసి వాయించును. బేసు గిటారు సాధారణముగా మంద్రస్థాయిలో నుండి ఆధారశ్రుతివలె పాటను మోయును. ఈతడు పై స్థాయికి పోయి దానిమీదనే పాటను పలికించును. నేర్వకముందే వాద్యమును కొనినవాడు గనుక, ఇట్లు వాయింపరాదని ఆతని కెవరును చెప్పలేదు కాబోలు. శ్రోతలలో నెఱసిన తలలే హెచ్చు. ఇరువదిమూడేండ్లకు పోయిన గాయకుని మాటలను అఱువదేండ్లవారు కన్నులు మూసికొని పలుకుచుండిరి. మన పల్లెలో హరిదాసుగారు పల్లవి యందీయగా అరుగులమీది ముసలివారందఱు అందుకొన్నట్లే యుండెను.

నడిమి విరామమున నా ప్రక్కనున్న ఆసామి మాతో మాట కలిపెను. మంచివాడు. ఈ యేడే తనకు 50 ఏండ్లు నిండినవనెను. పిమ్మట, హుక్ వాయించిన వేదికను చూపుచు, "1976లో ఆ చిన్న హాలులో నేనును ఉంటిని" అనెను. మా అబ్బాయి లెక్క వేసి చిఱునవ్వు నవ్వబోయెను. నేను వాని చేయి నొక్కితిని. ఆనాటికి ఆ మనిషికి పదేండ్లైనను నిండి యుండవు. నేను లెక్క చెప్పలేదు. "మీకు తోడెవరు వచ్చిరి?" అని మా అబ్బాయిచేత అడిగించితిని. "మా అన్న" అని ఆతడు కొంచెము సేపూరకుండి, "ఇంటికి వచ్చి మా అన్న నిద్రపోలేదు. మంచపుకోడు మీద వ్రేళ్లతో తాళము వేయుచునే యుండెను. ఆ చప్పుడుకు నాకును నిద్ర లేదు" అనెను. ఆ అన్న యిప్పుడు లేడట.

ఆలోచింపుడు. అన్న సభకు పోయిన రాత్రి తమ్ముడు ఇంట పరుండి, ఆ తాళమును వినినవాడు. సభ యేమి చేసినదో అతనికంటె బాగుగా నెవరు చెప్పగలరు? నలువదిమంది ఇండ్లకు పోయిరని మొదట చెప్పితిని. పోయి యేమి చేసిరి? టిక్కెట్టు దానిని చెప్పదు, పత్రిక చెప్పదు. ఈ తమ్ముడు చెప్పెను. "నీవు పుట్టి యెన్నేండ్లు?" అని యడిగి యున్నచో ఆ మంచపుకోడు చప్పుడు నాకు వినబడి యుండెడిది కాదు.

నేను అబద్ధమును నిజ మనుమని చెప్పుట లేదు. నలువది నలువదియే, వేలు కాదు. తేదీ తప్పినచో తప్పినదనియే వ్రాయవలెను. కాని దిద్దుటకు ముందు, ఈ జ్ఞాపకము నీ కెవరి వలన వచ్చినదని యడుగవలెను. వేలమంది మేమును ఉంటిమనుటలో గొప్పకు చెప్పుకొనువారు కొందఱుందురు. తక్కిన వారిలో పెక్కురు అన్నయో, స్నేహితుడో చెప్పగా విని, అది తమ బ్రతుకునే మార్చినందున, తామే చూచినట్లు నమ్మినవారు. వారిని పరిహసించినచో చరిత్రకే నష్టము.

పెద్దలారా, మీయొద్ద నాదొక్కటే మనవి. ఉప్పు సత్యాగ్రహమో, నిజాము సంస్థానపు చివరిదినములో, 1977లో దివిసీమ ఉప్పెనయో, మీ ఊరికి వచ్చిన నాటక సమాజమో, మీరు పిల్లలకు చెప్పునపుడు, ఇది నేను చూచినది, ఇది మా నాయన చెప్పగా వినినది అని వేఱు చేసి చెప్పుడు. వినినదని చెప్పుట చిన్నతనము కాదు. దానివలన మీ తండ్రిగారును సాక్షులలో చేరుదురు. వీలైనచో ఒక పుస్తకమున వ్రాయించి పెట్టుడు. పడుచువారికి నేను చెప్పునది ఇంతకంటె చిన్నది. మీ యింట పెద్దవారు కథ చెప్పునపుడు లెక్కలు తరువాత వేయుడు. ముందు వినుడు, ఇంకొక ప్రశ్న అడుగుడు. నేను అడుగని ప్రశ్నలకు జవాబు చెప్పుటకు మా నాయనగా రిప్పుడు లేరు.